కోరల్ కొన్న కొత్త మెషీను

కోరల్ ట్రెజైస్‌కు అరవై ఏళ్లు నిండేదాకా ఒక కొత్త వస్తువు మీదున్న ప్లాస్టిక్ పొరను తన చేత్తో ఒలిచే యోగం పట్టలేదు. బీదరికం వల్ల కాదు. మొగుడు పనిమంతుడు కావడం వల్ల.

ఆయన పేరు లిండ్సే. పోర్ట్ మార్లీలో గోధుమలు నిల్వచేసే ఎత్తైన సైలోల్లో నలభై ఒక్క ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. రేవులో ఓడ నిలబడి ఉండగా గింజలు ఎక్కించే కన్వేయరు బెల్టు ఆగిపోతే, అడిలైడ్ నుంచి విడిభాగం వచ్చేదాకా ఆగే ఓపిక ఓడకు ఉండదు. లిండ్సే కంచె తీగ, పాత టైరు ముక్క, ఒక బూతుమాట, ఈ మూడింటితో దాన్ని నడిపించేవాడు. రిటైరయ్యాక ఊళ్లో ఎవరికేం పాడైనా ఆయన షెడ్డుకే మోసుకొచ్చేవారు. లిండ్సే చెయ్యి పడితే చచ్చింది కూడా లేచి కూర్చుంటుందని పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో చెప్పుకునేవారు. అలా లేచి కూర్చున్నది ఎన్నాళ్లు కూర్చుంటుందని మాత్రం ఎవరూ అడగలేదు. అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు.

ఆ సంగతి తెలిసింది కోరల్ ఒక్కతికే. ఆమె ఇంట్లో టోస్టరు మీటను వెన్న కత్తితో నొక్కిపట్టాలి. ఫ్రిజ్ తలుపు పడవ బెల్టుతో బిగించి ఉంటుంది. పాత వాషింగ్ మెషీనుకు గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు నుంచి తెచ్చిన మోటారు బిగించాడు. బట్టలు పిండేటప్పుడు అది గదంతా నడిచేది. దాన్ని కదలకుండా ఉంచడానికి కోరల్ పైన కూర్చునేది. అలా పదకొండేళ్లు కూర్చుని ఊరి లైబ్రరీలో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ చదివేసింది. ప్రతి మరమ్మతు తర్వాతా ఆయన గుమ్మంలో నిలబడి ఆమె మొహంలోకి చూసేవాడు. ఆమె "బాగుంది లిండ్సే" అనేది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

బడి క్యాంటీనులో పందొమ్మిదేళ్లు కూర కుక్కిన పేస్టీలు కాల్చి రిటైరైన రోజున కోరల్ బస్సెక్కి పక్క ఊరు కడీనా వెళ్లింది. పదకొండు వందల నలభై తొమ్మిది డాలర్లు పోసి ముందువైపు తలుపున్న తెల్లటి వాషింగ్ మెషీను కొనుక్కుంది. ఇంటికొచ్చి లిండ్సేకు చెప్పింది.

"పాతదానికేమైంది?" అన్నాడు ఆయన.

"నా నడుముకైంది" అంది కోరల్.

కొత్త మెషీను రెండేళ్ల మూడు నెలలు పిల్లిలా చప్పుడు లేకుండా పనిచేసింది. ఆమె టీ కప్పు పట్టుకుని దాని ఎదుట కుర్చీ వేసుకుని, గాజు తలుపులోంచి బట్టలు తిరగడం చూసేది. టీవీలో వచ్చేవాటికంటే అదే నయమనేది. తర్వాత ఒక సోమవారం దుప్పట్లు లోపల ఉండగా ఠక్కున ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. సబ్బునీళ్లు గాజు వెనక నిండుగా నిలబడ్డాయి.

దుకాణం మేనేజరు డేమియన్ ఫోనులో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"వారంటీ రెండేళ్లే కోరల్ గారూ. డిసెంబరులోనే అయిపోయింది. మనిషి వచ్చి చూస్తే నూట నలభై. బాగుచెయ్యడానికి ఇంకో నాలుగొందల ఎనభై దాకా అవుతుంది."

ఆ ఊరి మనుషులు అలాంటప్పుడు సరేనంటారు. హోటల్లో కూర ఉప్పగా ఉన్నా చాలా బాగుందని చెప్పి, కారెక్కాక తిట్టుకుంటారు. కోరల్ కూడా సరేననేదే. కానీ ఫోను పక్కనున్న గోడమీద టేపు చుట్టిన స్విచ్చు కనబడింది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి వస్తువు కూడా ఇలా అతుకుల బొంత అవుతుందా అనుకుంది. ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేసి, ప్రభుత్వ వినియోగదారుల ఆఫీసుకు చేసింది. అక్కడి అమ్మాయి చెప్పింది పేస్టీల కొలతలున్న కాగితం వెనక రాసుకుంది. వస్తువు వెలను బట్టి, రకాన్ని బట్టి మామూలు మనిషి ఎన్నేళ్లు పనిచేస్తుందనుకుంటాడో అన్నేళ్లూ పనిచెయ్యాలి. కంపెనీ వారంటీ అయిపోయినా ఈ హామీ అయిపోదు. చిన్న లోపమైతే దుకాణం వాళ్లే ఖర్చు పెట్టుకుని బాగుచెయ్యాలి. పెద్ద లోపమైతే కొత్తది కావాలా, డబ్బు వెనక్కి కావాలా అన్నది కొన్నవాళ్ల ఇష్టం.

సింకు దగ్గర నిలబడి నాలుగుసార్లు వల్లె వేసి, డేమియన్‌కు మళ్లీ ఫోను చేసింది.

"సరేనండీ, గురువారం మనిషిని పంపిస్తాను. లోపం మాదైతే మీరు పైసా ఇవ్వక్కర్లేదు. లోపం ఏమీ లేదని తేలితే మాత్రం ఆ నూట నలభై మీదే."

"లోపం లేకపోవడమేంటి నాయనా? నీళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి" అంది కోరల్. ఫోను పెట్టాక ఆమె మనసుకు హాయిగా ఉంది.

బుధవారం ఆమె బౌల్స్ ఆడి ఇంటికొచ్చేసరికి పెరట్లో తీగ మీద దుప్పట్లు ఎగురుతున్నాయి. వాటి పక్కన లిండ్సే పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు.

"అయిపోయింది కోరలూ. చిన్న పనే. గంటన్నర పట్టింది."

కోరల్ దుప్పట్లను చూసింది, మొగుణ్ణి చూసింది. ముప్ఫై ఆరేళ్లలో మొదటిసారి "బాగుంది" అనలేదు.

"రేపు మనిషి వస్తున్నాడు కదా!"

"ఇంకెందుకు? పనిచేస్తోందిగా."

"అతను వచ్చి చెడిపోయిందని చూడాలి లిండ్సే. చూస్తేనే వాళ్ల తప్పవుతుంది."

లిండ్సేకు ఈ లెక్క బోధపడలేదు. చెడిపోయిన వస్తువును చెడిపోయినట్టే మూడు రోజులు ఇంట్లో ఉంచుకోవడం ఆయన దృష్టిలో దొంగతనం కంటే కాస్త ఎక్కువ.

గురువారం హుయ్ అనే కుర్ర మెకానిక్ అడిలైడ్ నుంచి రెండు గంటలు బండి నడుపుకుంటూ వచ్చాడు. మెషీను నడిపించి చూశాడు, పిండించి చూశాడు, దాని మీద కప్పు పెట్టి చూశాడు. కప్పులో టీ తొణకలేదు.

"బంగారంలా ఉంది ఆంటీ" అన్నాడు. కాగితం మీద లోపం కనబడలేదని రాసి, నూట నలభైకి బిల్లు ఇచ్చాడు. కోరల్ అతనికి పేస్టీ పెట్టింది. తప్పు అతనిది కాదు.

లిండ్సే బాగుచేసిన పద్నాలుగు రోజులకు మెషీను మళ్లీ ఆగింది. ఈసారి డేమియన్ గొంతులో మర్యాదతో పాటు కొంచెం జాలి కూడా ఉంది.

"పోయినసారి ఏమీ లేదన్నారు కదండీ. ఒక పని చేద్దాం. సామాను ఖర్చు మాది, కూలీ మీది. సగం సగం."

"చట్టంలో సగమనే మాట ఎక్కడుందో కాస్త చదివి వినిపించు బాబూ."

"అబ్బే, మేము మంచిగా పోదామని..."

"నేనూ మంచిగానే అడుగుతున్నాను. మంచిగా కాకపోతే ఎలా అడుగుతానో నాకూ తెలీదు. ఇంతవరకు చేసి ఎరగను."

చివరికి పై వారం గురువారానికి మళ్లీ ఖాయమైంది. కోరల్ లిండ్సేను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, మెషీను జోలికి వెళ్లనని మాట తీసుకుంది. ఆయన మాటిచ్చాడు. మాట తప్పే మనిషి కాదని ఊరంతటికీ తెలుసు. మంగళవారం పొద్దున ఆమె తోటలో ఉండగా లోపల గిర్రుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే మెషీను తిరుగుతోంది. ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు.

"నేనేం చెయ్యలేదు. ఊరికే చూశానంతే" అన్నాడు.

"స్క్రూడ్రైవరుతో ఎవరైనా చూస్తారా?"

"కళ్లజోడు కనబడలేదు."

ఆ గురువారం హుయ్ వచ్చి మళ్లీ నడిపించి చూశాడు. మళ్లీ బంగారంలాగే ఉంది. కోరల్ గుండె రాయి చేసుకుని "వెనక రేకు తియ్యి బాబూ" అంది. తీశాడు. లోపల ఫ్యాక్టరీ తీగల మధ్య నుంచి కంచె తీగ ఒకటి మెలికలు తిరిగి పోతోంది. నీళ్లు తోడే పంపుకు పడవలోంచి పీకిన రెక్క బిగించి ఉంది. హుయ్ ఈల వేసి ఫోటో తీసుకున్నాడు.

"ఎవరు చేశారు బాస్ ఇది? మా ట్రైనింగులో ఇలాంటిది చూపించలేదు."

లిండ్సే సిగ్గుపడ్డాడు. ఆయనకు అది మెచ్చుకోలుగానే వినిపించింది. నిజంగా మెచ్చుకోలే కూడా. కానీ హుయ్ కాగితం మీద బయటివాళ్లు మరమ్మతు చేశారని రాయక తప్పలేదు. మర్నాడు డేమియన్ ఫోను చేసి, పరాయి చెయ్యి పడ్డాక ఇక తమ బాధ్యత లేదని, రెండుసార్లు వచ్చిన ఖర్చు రెండు వందల ఎనభై అని చెప్పాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

రెండో మరమ్మతు జరిగిన ఆరు రోజులకు మెషీను మూడోసారి ఆగింది. ఈసారి తువ్వాళ్లు లోపలుండిపోయాయి.

లిండ్సే పెట్టె తెచ్చుకోవడానికి షెడ్డు వైపు అడుగు వేశాడు. కోరల్ అడ్డం నిలబడింది. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. చెయ్యడం రాదు.

"లిండ్సే, నాకు బాగుచేసింది వద్దు. నాకు బాగున్నది కావాలి. ముప్ఫై ఆరేళ్లుగా నీ మరమ్మతుల మీద వంట చేశాను, నీ మరమ్మతుల మీద కూర్చున్నాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నా డబ్బుతో కొనుక్కున్నాను. దానికి వాళ్లు హామీ ఇచ్చారు. ఆ హామీ నాది. దాన్ని కూడా తీసుకెళ్లి నీ షెడ్డులో బిగించకు."

కోరల్ పెట్టెలు అంటించే వెడల్పాటి టేపు తెచ్చి బట్టలుతికే గది తలుపుకు అడ్డంగా మూడు వరసలు అంటించింది. డేమియన్‌కు ఫోను చేసి, ఈసారి ఎవరూ ముట్టుకోరని మాటిచ్చి, హుయ్‌ను ఇంకోసారి పంపడానికి ఒప్పించింది; అతనికి పన్నెండు రోజులకు గాని వీలు కాలేదు.

ఆ పన్నెండు రోజులు ఇల్లు శవం లేచిన ఇల్లులా ఉంది. లిండ్సే పొద్దున్నే లేచి సముద్రం వెనక్కి తగ్గిన ఒడ్డున ఇనప గొర్రుతో పీతలు ఏరడానికి వెళ్లేవాడు. తిరిగొచ్చి బకెట్టు కింద పెట్టకుండానే టేపు ముందు నిలబడేవాడు. లోపల తువ్వాళ్లు పుల్లటి వాసన కొట్టడం మొదలుపెట్టాయి. ఆయన ముక్కు ఎగబీల్చి, చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. భోజనం సగమే తినేవాడు. కోరల్‌కు జాలేసింది. టేపు మాత్రం తియ్యలేదు.

ఉతకాల్సినవి ఆమె ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని సముద్రం పక్కన టూరిస్టులు బళ్లతో దిగే కారవాన్ పార్కుకు తీసుకెళ్లి, నాణేలు వేసే మెషీనులో ఉతికేది. అది మొత్తం ఊరికి తెలియడానికి ఒక పూట పట్టింది.

"ఏంటి కోరల్, లిండ్సే ఇంట్లో మెషీను చెడిపోయిందా?" అన్నారు పోస్టాఫీసు దగ్గర. అనేవాళ్లకు నవ్వు ఆగడం లేదు. బౌల్స్ క్లబ్బులో లిండ్సే పక్కన కూర్చున్న సైలో నేస్తం ఒకడు బీరు గ్లాసులోకి చూస్తూ, "ముసలాడైపోయావురా" అన్నాడు. లిండ్సే ఆ వారం ఇంక క్లబ్బుకు పోలేదు. ఎవరో పాడైన టోస్టరు తెచ్చి షెడ్డు ముందు పెట్టడానికి వచ్చి, ఆలోచించుకుని వెనక్కి తీసుకుపోయారు. కిటికీలోంచి అది కోరల్ చూసింది, లిండ్సే కూడా చూశాడు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

పన్నెండో రోజున హుయ్ వచ్చాడు. టేపు విప్పి లోపలికి వెళ్లాడు. మెషీను పూర్తిగా చచ్చి ఉండడం చూసి అతని మొహం వెలిగింది. అడుగున ఉన్న కంట్రోలు బోర్డు చెడిందని, అదే పంపును, తలుపును, అన్నింటినీ ఆపేస్తోందని చెప్పాడు. బోర్డు మారిస్తే నడవొచ్చు, నడవకపోవచ్చు అని నిజాయితీగా రాశాడు.

శనివారం కోరల్, లిండ్సే తమ పికప్ బండిలో కడీనా దుకాణానికి వెళ్లారు. ఫోనులో అయితే మర్యాద అడ్డొస్తోందని, ఎదురుగా కూర్చుని తేల్చుకుందామని కోరల్ అనుకుంది. లిండ్సే రానన్నాడు. ఆమె బండి నడపదు కాబట్టి వచ్చాడు. దుకాణంలో సైలో నేస్తాలు ఇద్దరు డీప్ ఫ్రీజర్ల మూతలు ఎత్తి చూస్తున్నారు. లిండ్సేను చూసి మూతలు దించి, చెవులు ఎత్తారు.

డేమియన్ కాగితాలన్నీ బల్లమీద పరిచాడు. అతను చెడ్డవాడు కాదు. పైనుంచి ఏం చెప్పమంటే అది చిలకలా చెప్పేవాడు, అంతే.

"కోరల్ గారూ, మా వాళ్లతో మాట్లాడాను. రాకపోకల ఖర్చు వదిలేస్తాం. బోర్డు ధరలో కూడా సగం మేం పెట్టుకుంటాం. మీరు రెండొందల నలభై ఇస్తే చాలు."

"మూడుసార్లు ఆగిందయ్యా. చిన్న లోపాలే పదేపదే వస్తే అవన్నీ కలిసి పెద్ద లోపమని ఆ ఆఫీసు అమ్మాయి చెప్పింది. పెద్దదైతే ఏం కావాలో చెప్పాల్సింది నేను. నాకు కొత్తది కావాలి."

"మూడుసార్లు ఆగింది, నిజమే. కానీ రెండుసార్లు బాగైంది కూడా కదండీ." డేమియన్ హుయ్ తీసిన ఫోటో ముందుకు జరిపాడు. "ఏమనుకోకండి. మీ ఆయన ఇంట్లో కూర్చుని కంచె తీగతో బాగుచెయ్యగలిగారంటే అది పెద్ద లోపమెలా అవుతుంది? బాగైపోయేదాన్ని మార్చివ్వమంటే మా పైవాళ్లు ఒప్పుకోరు."

కోరల్ దగ్గర రాసుకున్న కాగితంలో దీనికి జవాబు లేదు. రెండువైపులా తిప్పి చూసింది. ఒకవైపు పేస్టీల కొలతలు ఉన్నాయి. ఇంత దూరం వచ్చి, పన్నెండు రోజులు ఇల్లు గబ్బు పట్టించుకుని, చివరికి మొగుడి పనితనమే తన కొంప ముంచిందని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. రెండొందల నలభై కోసం కాదు. సంతకం పెట్టి ఒప్పుకుంటే ఇక ఆ మెషీను కూడా మిగతావాటిలో ఒకటి అయిపోతుంది.

డేమియన్ లిండ్సే వైపు తిరిగాడు. "మీరే చెప్పండి సార్. మీరు బాగుచేశారా, లేదా?"

ఫ్రీజర్ల దగ్గర నేస్తాలు ఊపిరి బిగబట్టారు. ఆ ప్రశ్నకు లిండ్సే నలభై ఏళ్లుగా ఒకే జవాబు చెబుతున్నాడు. ఓడ కెప్టెన్లకు చెప్పాడు, రైతులకు చెప్పాడు, చర్చి గంట బాగుచేసినప్పుడు పాస్టరుకు కూడా చెప్పాడు. కోరల్ తల దించుకుని ఆ జవాబు కోసమే ఎదురుచూసింది.

లిండ్సే ఫోటోను చేతిలోకి తీసుకుని చూశాడు. తన తీగను, తన రెక్కను కాసేపు చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"లేదు" అన్నాడు. "నావల్ల కాలేదు."

గట్టిగానే అన్నాడు. ఫ్రీజర్ల దాకా వినబడింది.

"రెండుసార్లు చేశాను. ఒకటి పద్నాలుగు రోజులు నిలిచింది, ఇంకోటి ఆరు. దాన్ని బాగవడం అనరు. దాని పుట్టుకే చెడు పుట్టుక. నాకు చేతకాలేదు బాబూ, రాసుకో."

డేమియన్ పెన్ను తీశాడు గాని రాయలేదు. అతని తండ్రికి గోధుమ పొలం ఉంది. ఆ పొలంలో కోత మెషీను రెండు కోతలు లిండ్సే చేతి చలవతోనే నడిచింది.

"మీవల్లే కాలేదా?" అన్నాడు.

"చెప్పానుగా."

డేమియన్ లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఫోను చేశాడు. పావుగంట తర్వాత వచ్చి, బుధవారం కొత్త మెషీను పంపిస్తామని, పాతది వాళ్లే మోసుకుపోతారని, ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదని చెప్పాడు. కోరల్ సంతకం పెట్టింది. నేస్తాలిద్దరూ ఫ్రీజరు కొనకుండానే బయటికి పోయారు. సాయంత్రానికి కబురు క్లబ్బుకు చేరుతుంది. చేరకపోతే వాళ్లకు తిన్నదరగదు.

తిరుగు దారిలో పదిహేను కిలోమీటర్లు వచ్చారు. రెండువైపులా కోసేసిన గోధుమ మోళ్లు.

"నాకోసం అలా చెప్పావా?" అంది కోరల్.

"కాదు. ఉన్నమాటే చెప్పాను."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటిసారి విప్పినప్పుడే. బోర్డు పోయిందని చూడగానే తెలిసింది."

కోరల్ సీట్లో పూర్తిగా ఆయన వైపు తిరిగింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మనిషీ? ఎందుకా తీగలు, ఆ రెక్కలు?"

లిండ్సే రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదానివి కదా. టీ తాగుతూ. మనింట్లో దేన్నీ నువ్వలా చూడలేదు కోరలూ. అది పోయిందని నీతో చెప్పడానికి నాకు నోరు రాలేదు."

కోరల్ కిటికీ వైపు మొహం తిప్పుకుంది. ఈ మనిషి మీద ఎంత కోపమొచ్చిందో అంత ప్రేమా వచ్చింది. రెండూ ఒక్కసారే రావడంతో దేనికి ముందు దారివ్వాలో తెలియలేదు. ముక్కు చీదుకుని ఇటు తిరిగింది.

"ఇకమీద ఏదైనా పోతే పోయిందని చెప్పు. అంతే. ఇంకేం అడగను."

"సరే."

సైలోలు దూరంగా కనబడ్డాయి. లిండ్సే గొంతు సవరించుకున్నాడు.

"అయితే... ఈ బండి బ్రేకులు."

"ఎప్పటినుంచి?"

"మంగళవారం నుంచి."

కోరల్ తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది.

"మెల్లగా పోనివ్వు. ఇంటికెళ్లగానే మెకానిక్‌కు ఫోను చేస్తాను."

లిండ్సే వేగం తగ్గించాడు. షెడ్డులో ఏం సామాను ఉందో ఒక్క క్షణం గుర్తుచేసుకున్నట్టున్నాడు.

"చెయ్యి" అన్నాడు.